గీత ఎక్కడ గీయాలి?

పత్తి తేమ కొలిచే మిషన్‌కీ, రక్తకణాలను వేరుచేసే కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధం? బోథ్‌లో ఓ తండ్రీ కూతురూ చలిమంట దగ్గర కూర్చుని మాట్లాడుకున్న రాత్రి ఆ సంగతి బయటపడింది.

డిసెంబరు నెల. ఆదిలాబాద్ జిల్లా బోథ్‌లో చలి ఎముకలు కొరికేస్తోంది. తెల్లవారకముందే పత్తి బండితో మార్కెట్‌కి వెళ్లిన తండ్రి చీకటి పడ్డాక తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు ఎంత నిండుగా ఉందో, బండి అంతే నిండుగా ఉంది.

''తేమ పన్నెండున్నర వచ్చింది. ఎండబోసి తెమ్మన్నరు'' అన్నాడు, తలపాగా విప్పుతూ.

ఈ లెక్క ఆ జిల్లాలో చిన్నపిల్లలకి కూడా కంఠతా వచ్చు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో పత్తి తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర. ఆపైన 12 దాకా ఒక్కో శాతానికీ కొంత కోత. 12 దాటితే కొనరు. పదకొండున్నర ఉన్న పత్తినీ, పన్నెండున్నర ఉన్న పత్తినీ పక్కపక్కన పెట్టి చేత్తో పట్టుకుంటే తేడా చెప్పగలిగే రైతు ఉండడు. కానీ ఒకటి అమ్ముడవుతుంది, ఇంకోటి ఇంటికొస్తుంది.

ఇంట్లో పెద్దకూతురు ఉంది. హైదరాబాద్‌లో ఓ పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. నాలుగు రోజుల సెలవుకని నిర్మల్ మీదుగా బస్సు పట్టుకుని వచ్చింది. వచ్చినప్పటి నుంచీ ఒళ్లో ల్యాప్‌టాప్. తెరమీద వేల చుక్కలు... ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుంపులుగా.

''గిదేంది బిడ్డా? ముగ్గేసి రంగులు నింపినట్టున్నది?''

''ముగ్గు కాదు బాపూ. ఒక్కో చుక్క ఒక్కో కణం. ఎముక మూలుగలకెల్లి తీసినయి. ఏది ఏ జాతో ఏరుతున్న.''

''ఏరుతున్నవా? మీ అమ్మ కందులు ఏరినట్టా?''

పక్కనే తల్లి చాట ముందేసుకుని నిజంగానే కందులు ఏరుతోంది. కూతురికి నవ్వొచ్చింది. నాలుగేళ్లుగా తను చేస్తున్న పనికి ఇంతకంటే మంచి మాట ఏ పుస్తకంలోనూ దొరకలేదు మరి!

పచ్చడి నూరకముందే...

మనిషి ఒంట్లో ఉన్న కణాలు సుమారు 37 లక్షల కోట్లు అని ఒక అంచనా. కేంద్రకం ఉన్న కణాల్లో దాదాపు అన్నిటిలోనూ ఉండే జన్యువుల పుస్తకం ఒక్కటే. కానీ అన్ని కణాలూ అన్ని పేజీలూ చదవవు. ఎర్ర రక్తకణంగా ఎదిగేది హిమోగ్లోబిన్ పేజీలు చదువుతుంది. సూక్ష్మజీవులతో పోరాడేది ఇంకేవో పేజీలు చదువుతుంది. ఏ కణం ఏ పేజీ చదువుతోందో తెలిస్తే ఆ కణం ఎవరో తెలిసిపోతుంది. చదువుతున్న పేజీకి తీసుకున్న నకలు లాంటిది ఆర్‌ఎన్‌ఏ. దాన్ని లెక్కపెట్టడమే కిటుకు.

పూర్వం ఈ లెక్క ఎలా కట్టేవారు? లక్షల కణాలను కలిపి పిండేసి, మొత్తమ్మీద ఏ నకళ్లు ఎన్ని ఉన్నాయో చూసేవారు. రోట్లో పచ్చడి నూరాక రుచి చూసినట్టన్నమాట. కారంగా ఉందని తెలుస్తుందే తప్ప ఎన్ని మిరపకాయలు పడ్డాయో, అందులో ఒకటి పుచ్చుదో ఏమో తెలీదు. 2009లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో అజీమ్ సురానీ ప్రయోగశాలలో ఫుచౌ తాంగ్ తదితరులు మొట్టమొదటిసారి ఒకే ఒక్క కణంలోని ఆర్‌ఎన్‌ఏ మొత్తాన్నీ చదివారు. పచ్చడి నూరకముందే ఒక్కో కాయనూ చూడటం అప్పట్నుంచీ మొదలైంది.

2015 నాటికి పద్ధతి ఇంకా ముందుకెళ్లింది. నూనెలో చిన్న చిన్న నీటి బొట్లు చేసి, బొట్టుకో కణం చొప్పున పడేలా చూస్తారు. ప్రతి బొట్టులో బార్‌కోడ్ ఉన్న పూస ఒకటి ఉంటుంది. ఆ బొట్టులో పుట్టిన లెక్కంతటికీ ఆ బార్‌కోడ్ ముద్ర పడుతుంది. సూపర్ మార్కెట్లో సబ్బుబిళ్లకి వేసినట్టే! ఇలా ఒక్క ప్రయోగంలోనే వేల కణాలు. ఒక్కో కణానికీ సుమారు 20,000 జన్యువుల లెక్క. కాగితం మీద చూసి ఏరడం మనిషి వల్ల కాదు. అందుకే కంప్యూటర్.

అన్నట్టు, ఈ పనికి ఎక్కువమంది వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకదాని పేరు స్యురా. 2015లో రాహుల్ సతీజా తదితరులు తెచ్చారు. చుక్కలు చుక్కలుగా రంగులు పెట్టి బొమ్మలు గీసిన ఫ్రెంచి చిత్రకారుడు జార్జి స్యురా పేరు అది. ముగ్గు లాగుందని బోథ్ రైతు అన్నదాంట్లో తప్పేముంది?

ఇరుగూ పొరుగూ

''మరి అది ఎట్ల ఏరుతది?'' తండ్రి వదల్లేదు.

కూతురు ఊరి భాషలోనే చెప్పింది. ఓ పెద్ద ఊరుంది. కొత్తగా వచ్చిన మనిషికి ఎవరెవరు చుట్టాలో తెలీదు. ప్రతి ఇంటికీ వెళ్లి 'మీకు బాగా దగ్గరివాళ్లు ఓ ఇరవై ఇళ్లు చెప్పండి' అని అడుగుతాడు. చెప్పిన ఇళ్లన్నిటి మధ్యా దారాలు కడతాడు. అంతా అయ్యాక మిద్దెక్కి చూస్తే కొన్నిచోట్ల దారాలు చిక్కగా ఉంటాయి, కొన్నిచోట్ల పల్చగా. చిక్కగా ఉన్న ప్రతిచోటా ఒక వాడ ఉన్నట్టు లెక్క. ఎవరి పేరూ అడగకుండానే ఊళ్లో వాడలు తెలిసిపోయాయి. కంప్యూటర్ కణాల మధ్య కట్టేవి ఇలాంటి దారాలే. ఒకే జన్యువులను ఒకే మోతాదులో చదివే కణాలు దగ్గరివాళ్లు.

వాడలు పట్టుకునే లెక్కకు మొదట వాడింది 2008లో వచ్చిన లూవాన్ పద్ధతి. బెల్జియంలోని ఊరి పేరు. అది అప్పుడప్పుడు ఒకదాంతో ఒకటి సంబంధమే లేని కణాలను ఒకే గుంపులో పడేస్తోందని తేలింది. 2019లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నుంచి దాన్ని సరిదిద్దిన పద్ధతి వచ్చింది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ పద్ధతిలో తిప్పే మర లాంటిది ఒకటి ఉంటుంది. కొంచెం తిప్పితే 9 గుంపులు. ఇంకొంచెం తిప్పితే 14. ఇంకా తిప్పితే 22. కణాలు అవే, లెక్క అదే. గుంపులు మాత్రం తిప్పినకొద్దీ పుడతాయి. ఎన్ని గుంపులు నిజం? కంప్యూటర్ చెప్పదు. మర తిప్పే చెయ్యి మనిషిది కదా!

తెరమీద కనిపించే బొమ్మను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు. 2008లో వచ్చిన టీ-స్నే, 2018లో వచ్చిన యుమాప్... ఇరవై వేల కొలతలను రెండు కొలతల్లోకి నొక్కి బొమ్మ చేసే పద్ధతులివి. గుండ్రటి బత్తాయి తొక్కను బల్లమీద చదునుగా పరిస్తే ఎక్కడో ఒకచోట చిరగాల్సిందే. తెరమీద రెండు గుంపులు దూరంగా ఉన్నాయంటే నిజంగా అంత దూరమని కాదు.

తెలుగువాడి కొలత

ఆ అమ్మాయి తన సిద్ధాంత గ్రంథం మొదటి అధ్యాయంలో ఒక తెలుగువాడి గురించి రాసుకుంది. కల్యంపూడి రాధాకృష్ణారావు... మనందరికీ తెలిసిన సి.ఆర్.రావు.

1920 సెప్టెంబరు 10న ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 1941లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకి వెళ్లాడాయన. అక్కడ పి.సి.మహలనోబిస్ 1936లోనే మనుషుల గుంపుల మధ్య 'దూరం' కొలిచే సూత్రం ఒకటి ప్రకటించి ఉన్నారు. ఎత్తు ఒక్కటే, ముక్కు ఒక్కటే చూసి కాకుండా అన్ని కొలతలూ కలిపి, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చెప్పే దూరమది. అమ్మాయి చెప్పిన కథలో దారాలు ఉన్నాయే... 'దగ్గర', 'దూరం' అంటే ఏమిటో లెక్కలో చెప్పందే ఆ దారాలు కట్టడం కుదరదు.

1946లో రావు కేంబ్రిడ్జ్‌లోని పురావస్తు, మానవ శాస్త్ర మ్యూజియానికి వెళ్లారు. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన ఎముకల కొలతలను విశ్లేషించడం పని. అక్కడే ఆర్.ఎ.ఫిషర్ దగ్గర పరిశోధించి 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. ఎన్నో కొలతలను ఒకేసారి వాడి జీవులను వర్గాలుగా ఎలా విడదీయాలో చెప్పే ఆయన పత్రం అదే ఏడాది వచ్చింది. 2023లో గణాంక శాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఆయన పేరుతో ఓ సంస్థ ఉంది. అటువైపు వెళ్లినప్పుడల్లా ఆ బోర్డు చూస్తుంటుందీ బోథ్ అమ్మాయి.

అప్పటి లెక్కకీ, ఇప్పటి లెక్కకీ ఓ పెద్ద తేడా ఉంది. అప్పుడు గుంపులు ముందే తెలుసు. కొత్తగా దొరికిన పుర్రె వాటిలో దేనికి చెందుతుందన్నదే ప్రశ్న. ఇప్పుడు గుంపులెన్నో కూడా తెలీదు. గుంపులనూ కనుక్కోవాలి, వాటికి పేర్లూ పెట్టాలి. పెట్టిన పేరు నిజమని నమ్మే ప్రమాదమూ ఇక్కడే పొంచి ఉంటుంది.

61 కణాలు

మూలుగ మీదే ఎందుకు పని చేస్తోందీ అమ్మాయి? దాని వెనక ఓ స్నేహితురాలుంది. చదువుకునే రోజుల్లో హాస్టల్లో పక్క మంచం. గోండు గూడెం నుంచి వచ్చిన పిల్ల. చలికాలం వస్తే చాలు, ఎముకల్లో పోట్లతో రాత్రంతా మెలికలు తిరిగిపోయేది. చాలా రోజుల తర్వాత తెలిసింది, అది సికిల్ సెల్ అని. హిమోగ్లోబిన్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే వచ్చే జబ్బు. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోయి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది. ఈ జబ్బును దేశంలో 2047కల్లా లేకుండా చేయాలని 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. స్నేహితురాలు ఇప్పుడు మాత్రలు వాడుతోంది. మునుపటంత బాధ లేదు.

2023 చివర్లో బ్రిటన్, అమెరికాలు ఈ జబ్బుకి ఓ కొత్త చికిత్సను అనుమతించాయి. రోగి సొంత మూలకణాలను తీసి, వాటిలో ఓ జన్యువును కత్తిరించి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. అమెరికాలో ప్రకటించిన ధర 22 లక్షల డాలర్లు. ఆ ధర గూడెం దాకా దిగిరావాలంటే మూలుగలో ఎర్రకణం ఎలా తయారవుతుందో ఇంకా బాగా తెలియాలి. ఎక్కడో శాస్త్రవేత్తలు సేకరించి, అందరూ వాడుకోవచ్చని బయటపెట్టిన మూలుగ కణాల లెక్కలను తీసుకుని అమ్మాయి చేస్తున్న పని అదే.

మూడో ఏడాదిలో తెరమీద ఓ చిన్న గుంపు కనిపించింది. 61 కణాలు. ఎర్రకణంగా ఎదుగుతున్నట్టు హిమోగ్లోబిన్ పేజీలు చదువుతున్నాయి. అదే సమయంలో చెత్తను మింగి శుభ్రం చేసే మేక్రోఫేజ్ కణాల పేజీలూ చదువుతున్నాయి. అలాంటి కణం గురించి ఎవరూ రాసిన దాఖలా లేదు. గుండె ఝల్లుమంది. 2018లో శ్వాసనాళాల్లో ఇలాగే నూటికి ఒకటి చొప్పున ఉండే ఐయనోసైట్ అనే కొత్త రకం కణం బయటపడింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు కారణమైన జన్యువును అందరికంటే ఎక్కువగా వాడేది ఆ అరుదైన కణమేనని తేలింది. చిన్న గుంపని తీసిపారేసి ఉంటే? ఏమో, తన 61 కూడా అలాంటివే అయితే?

ఆర్నెల్లు వాటి మీదే కూర్చుంది. ఓ అధ్యాయం రాసేసింది. 'మంచి పత్రిక తీసుకుంటుంది' అని గైడ్ కూడా ఉత్సాహపడ్డారు.

కానీ ఒక అనుమానం తొలుస్తూనే ఉంది. బొట్టుకో కణం పడాలి. ఒక్కోసారి రెండు పడతాయి. అప్పుడు రెండిటికీ ఒకే బార్‌కోడ్... కంప్యూటర్‌కి అవి ఒకే కణం! లెక్కలు తీసి చూసింది. ఆ 61లో చాలావాటి మొత్తం ఆర్‌ఎన్‌ఏ లెక్క పక్కవాటికి దాదాపు రెట్టింపుంది. జంటలను పట్టే ప్రోగ్రాములు రెండు ప్రయోగించింది. రెండూ అదే మాటన్నాయి. తర్వాత పాత పుస్తకాలు తిరగేస్తే మిగతాది తెలిసింది. మూలుగలో ఎదిగే ఎర్రకణాలు ఒక మేక్రోఫేజ్ చుట్టూ కోడి చుట్టూ పిల్లల్లా అతుక్కుని పెరుగుతాయి. 1958లోనే మార్సెల్ బెస్సీ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ దృశ్యాన్ని వర్ణించాడు. తల్లినీ పిల్లనూ సరిగా విడదీయకుండా ఒకే బొట్టులో పట్టేశారు. కొత్త జాతీ లేదు, ఏమీ లేదు.

ఫెలోషిప్ ఐదేళ్లు. నాలుగు దాటాయి. ఎవరికీ చెప్పకపోతే? చాలామంది కంటికి ఆనదు. రెండ్రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు గైడ్ గదికి వెళ్లి చెప్పేసింది. ఆ అధ్యాయం పోయింది. ఆ కణాలను లెక్కలోంచి తీసేసింది. అది జరిగిన పది రోజులకే ఈ సెలవు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రాయికీ కందికీ నడుమ

ఆ రాత్రి చెప్పింది. తండ్రి మంటలో ఇంకో కట్టె వేశాడు.

''పోతే పోనీ బిడ్డా. తడి పత్తి అడుగున వెట్టి, పొడి పత్తి పైన కప్పి పట్కపోయేటోళ్లు లేరా? మనం గట్ల జెయ్యలే గదా'' అన్నాడు.

''మిగిలిన దాంట్ల కూడా తిప్పలే ఉన్నది బాపూ. మూలకణం ఒక్కసారే ఎర్రకణం కాదు. మెల్లమెల్లగ మారుకుంట పోతది. నడుమ ఖాళీ లేదు. కాయితం మీద మాత్రం ఏడు పేర్లు వెట్టి, ఏడు రంగులేసిన.''

తల్లి చాటలోంచి తల ఎత్తింది. ''రాయికి, కందికి నడుమ ఏముంటది? ఏం ఉండది. రాయి రాయే, కంది కందే'' అంది.

''అమ్మ జెప్పింది నిజం. కొన్ని కణాలు గట్లనే ఉంటయి. రాయి వేరు, కంది వేరు. ఇవి గట్ల కాదు. ఇవి బాపు పత్తి లెక్క. పదకొండున్నర, పన్నెండు, పన్నెండున్నర...''

మూలుగ కణాల విషయంలో శాస్త్రవేత్తలు గత కొన్నేళ్లుగా గమనిస్తున్న విషయమూ ఇదే. చెట్టుకొమ్మల్లా ఠక్కున చీలిపోయే మెట్లని పాఠ్యపుస్తకాల్లో గీసిన బొమ్మ, ఒక్కో కణాన్నీ విడిగా చూస్తే చాలాచోట్ల నున్నటి వాలులా కనిపిస్తోంది. అందుకే 2014 నుంచి ఇంకో రకం లెక్కలు కూడా వచ్చాయి. అవి కుప్పలు పోయవు. ఎవరు ముందు, ఎవరు వెనక అని కణాలను దారి పొడుగునా వరసగా నిలబెడతాయి. అయినా డాక్టర్‌కి పేరు కావాలి. పరీక్ష చేసేవారికి హద్దు కావాలి. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. మార్కెట్లో పత్తి కొనాలన్నా అంతే కదా.

తండ్రి కాసేపు మంటకేసి చూస్తూ ఉండిపోయాడు.

''పన్నెండు దగ్గర గీత పైనోళ్లు గీసిన్రు. అది గీసిన గీత అని అందరికీ ఎరుకే. కాయితం మీద రాసుంటది. అందుకే ఎండబోసి మల్ల పోత. మరి నీ గీత ఎవరు గీసిన్రు?''

''నేనే, బాపూ.''

''నేనే గీసిన అని రాసినవా?''

అమ్మాయి జవాబు చెప్పలేదు. ఏడు గుంపుల కింద 'ఏడు రకాల కణాలు దొరికాయి' అని రాసి ఉంది. 'దొరికాయి' అని.

మర్నాడు ఎండ రాగానే వాకిట్లో తాడిపత్రులు పరిచి తండ్రీ తల్లీ పత్తి ఎండబోశారు. గంటకోసారి చేత్తో తిరగేస్తున్నారు. అరుగు మీద కూర్చుని కూతురు ఆ వాక్యం దగ్గరికి వెళ్లింది. 'దొరికాయి' కొట్టేసింది. గుంపులను ఏడుగా విడదీసింది తనేననీ, మర ఏ అంకె దగ్గర పెట్టిందో, ఎందుకు పెట్టిందో, అటూ ఇటూ తిప్పితే ఏ గుంపులు నిలబడ్డాయో, ఏవి చెదిరిపోయాయో అన్నీ రాసింది. తిప్పిన ప్రతిసారీ చెక్కుచెదరకుండా నిలబడ్డవి మూడు. వాటిని విడిగా చూపించింది. మిగతా నాలుగూ ఒకే దారిలో మజిలీలని రాసింది.

ఒక్క వాక్యం పోయి రెండు పేజీలయ్యింది. సాయంత్రం తండ్రి గుప్పెడు పత్తి తీసి నలిపి చూసి, ''రేపు పోతా'' అన్నాడు.

తేమ ఎంతుందో మిషన్ చెబుతుంది. ఇప్పటికైతే పత్తి చేతికి పొడిగానే తగిలింది.